కోయసాన్ గుడి బసకి అమ్మానాన్నల్ని తీసుకెళ్తున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

జపాన్‌లో కోయసాన్ కొండ మీద ఒక రాత్రి బౌద్ధ ఆలయంలో బస (షుకుబో) చేద్దామనుకుంటున్న వాళ్లకి, ముఖ్యంగా పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి ఈ పోస్ట్. బుకింగ్ సైట్లో రాసింది చూసి పూర్తి డబ్బు కట్టెయ్యకండి.

మేం చలికాలంలో అమ్మతో వెళ్లాం. అమ్మకి మోకాళ్ల నొప్పులు. గదిలోనే టాయిలెట్, కూర్చోడానికి కుర్చీలు అని ఉందనే ఎక్కువ రేటైనా ఆ గది తీసుకున్నాం. తీరా వెళ్తే మేడ మీద వెనకవైపు గది ఇచ్చారు. కుర్చీ లేదు, పడక నేల మీదే. టాయిలెట్‌కి నిటారుగా ఉన్న చెక్కమెట్లు దిగి, చల్లటి వసారా చివరిదాకా నడవాలి. ఆ కొండ దాదాపు 800 మీటర్ల ఎత్తు, చలికాలం సున్నా కంటే కిందకి పోతుంది. కిరోసిన్ హీటరేమో పడుకునేముందు ఆపెయ్యమన్నారు. రాత్రి లేచినప్పుడల్లా అమ్మ ఒక చెయ్యి గోడకి, ఇంకో చెయ్యి నా భుజానికి ఆనించి, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ పెట్టుకుంటూ దిగింది.

అడిగితే సైట్ వాళ్లు తప్పు రాశారని గుడివాళ్లు, గుడివాళ్లు ఇచ్చిందే పెట్టామని సైట్ వాళ్లు. పైసా వెనక్కి రాలేదు.

భోజనానికి మాత్రం వంక పెట్టలేం. మాంసం, చేప, ఉల్లి, వెల్లుల్లి ఏవీ లేని వంట. నువ్వుల టోఫు అమ్మకి బాగా నచ్చింది. పొద్దున్నే జరిగే ప్రార్థన కూడా తప్పకుండా చూడాల్సిందే. 816లో కూకై అనే బౌద్ధ సన్యాసి మొదలుపెట్టిన క్షేత్రం అది, వెళ్లొద్దని ఎవరికీ చెప్పను.

కానీ అక్కడ బస ఇచ్చే ఆలయాలు 50 దాకా ఉన్నాయి, అన్నీ ఒకేలా ఉండవు. కొన్నిట్లో అటాచ్డ్ బాత్రూమ్ గదులున్నాయి, చాలావాటిలో స్నానాల గది అందరికీ ఒకటే. అందుకే నేరుగా ఆ ఆలయానికే మెయిల్ పెట్టండి. గది కిందా పైనా, టాయిలెట్ ఎక్కడ, రాత్రంతా హీటర్ ఉంటుందా, భోజనానికి కుర్చీ ఇస్తారా, క్యాన్సిల్ చేస్తే ఎంత పోతుంది, అన్నీ అడగండి. జవాబు రాతపూర్వకంగా వచ్చాకే డబ్బు కట్టండి.

ఇంకోటి, సాయంత్రం 5 లోపు చేరిపోవాలి. రాత్రి భోజనం 6కి అటూఇటూగా పెట్టేస్తారు, ఆలస్యమైతే తిండి దొరకడం కష్టం. ఒసాకాలోని నంబా స్టేషన్ నుంచి రైలు, తర్వాత కేబుల్ కార్, పైన బస్సు. పెద్దవాళ్లతో అయితే మధ్యాహ్నానికే బయల్దేరండి. కింది అంతస్తు గది ఖాయంగా దొరక్కపోతే ఒసాకాలోనే ఉండి, పగటిపూట కోయసాన్ వెళ్లి ఒకునోయిన్ (కూకై సమాధి ఉన్న చోటు) చూసి వచ్చెయ్యండి.