ఫియాన్సేనా, కాబోయే మొగుడా?

కడపలో మా చెల్లెలి నిశ్చితార్థం అయ్యాక, ఫోటో కింద ఏం రాయాలన్నదే పెద్ద చర్చ. తను "మై ఫియాన్సే" అని పెట్టింది. మా అవ్వేమో "కాబోయే మొగుడని రాయి పాపా" అంది.

ఫియాన్సే ఫ్రెంచి మాట. పాత ఫ్రెంచిలో 'ఫియాన్స్' అంటే నమ్మకం, ఇచ్చిన మాట. దాని వేరు లాటిన్‌లో, నమ్మడం అనే క్రియలో ఉంది. మగవాడికైతే ఇంగ్లీషు స్పెల్లింగ్ చివర ఒకటే 'ఈ', ఆడపిల్లకైతే రెండు. పలకడం మాత్రం ఒకటే. చెల్లెలు రెండు పెట్టేసింది, నేను ఒకటి తీయించాను.

మన 'కాబోయే'లో రేపు ఉంది కానీ ఇచ్చిన మాట లేదు. ఆ మాట తాంబూలాల్లో ఉంటుంది: తమలపాకులు, వక్కలు చేతులు మారితే సంబంధం ఖాయమైనట్టే. అర్థంలో ఫ్రెంచి మాటే లోతైనది. అయినా బంధువులకు ఆ అబ్బాయిని చూపించేటప్పుడు నా నోటికి అవ్వ మాటే వస్తుంది.