థయోగ్లైకాలిక్ ఆసిడ్ 80% సీసా: థయాజోలిడినోన్ లైగాండ్ల (లోహానికి అతుక్కునే అణువుల) తయారీకి పనికొస్తుందా?

పనికొస్తుంది, కానీ సీసాలో ఐదో వంతు నీళ్లే. షిఫ్ బేస్‌తో (కార్బన్-నైట్రోజన్ ద్విబంధం ఉన్న ఇమైన్‌తో) 4-థయాజోలిడినోన్ వలయం కట్టేటప్పుడు ఆ నీరు ఇమైన్‌ను తిరిగి విడగొడుతుంది. టోలుయీన్‌లో డీన్-స్టార్క్ (మరిగేటప్పుడు నీటిని వేరుచేసే గాజు పరికరం) పెట్టి నీరు లాగేయాలి. అంత ఓపిక లేకపోతే 98% సీసాకే డబ్బు పెట్టండి. 10 మిల్లీమోల్ ఇమైన్‌కు 12 మిల్లీమోల్ ఆసిడ్‌తో మొదలుపెట్టొచ్చు.

అసలు చిక్కు కడగడంలో ఉంది. వచ్చిన పదార్థాన్ని సోడియం బైకార్బనేట్ ద్రావణంతో నురగ ఆగేదాకా కడగాలి. ఇక్కడ బద్ధకిస్తే మిగిలిన థయోల్ (అంటే ఈ ఆసిడే) తర్వాత కలిపే రాగి లవణంలోని కుప్రిక్ (Cu²⁺) అయాన్‌ను కుప్రస్ (Cu⁺)గా క్షయకరిస్తుంది, లైగాండ్‌ను పక్కకు నెట్టి తానే లోహానికి అతుక్కుంటుంది. ఐఆర్ (పరారుణ) వర్ణపటంలో 1700 సెం.మీ⁻¹ దగ్గర కార్బొనిల్ వచ్చి, 1620 ప్రాంతపు ఇమైన్ పోయాకే లోహ లవణం కలపండి.

ఈ ఆసిడ్‌ది ఘాటైన కంపు, చర్మాన్ని కాలుస్తుంది. ఫ్యూమ్ హుడ్ బయట మూత తీయొద్దు. గాలి తగిలితే డైసల్ఫైడ్‌గా మారుతుంది కాబట్టి చిన్న సీసానే కొనండి.