రొట్టె కోసం రోడ్డెక్కినవాళ్లు: 1789, 1917

బాలాజీ కాలనీలో టీ తాగుతుంటే గ్రూప్స్‌కి చదివే మేనల్లుడు అడిగాడు: "మామా, ఫ్రెంచి విప్లవం గొప్పదా, రష్యాదా?"

రెండింటిలోనూ రొట్టె కోసం ఆడవాళ్లు కదిలారు. 1789 అక్టోబర్ 5న పారిస్ ఆడవాళ్లు వానలో ఫిరంగులు లాక్కుంటూ రాజు ఉండే వెర్సాయికి దాదాపు 20 కిలోమీటర్లు నడిచారు. తిరుపతి నుంచి చంద్రగిరి దాటినా ఆగనంత నడక! మర్నాడే రాజును పారిస్‌కి తెచ్చేశారు. అయినా రాచరికం పోయింది 1792లోనే.

అప్పటి రష్యా రాజధాని పెట్రోగ్రాడ్‌లో 1917 మార్చి 8న బట్టల మిల్లుల ఆడవాళ్లు సమ్మెకు దిగితే, 15కల్లా జార్ చక్రవర్తి గద్దె దిగాడు. అంత తొందరగా ఎలా అంటే, సైన్యం వల్ల. 11న జనాన్ని కాల్చిన వోలిన్‌స్కీ రెజిమెంటే మర్నాడు తిరగబడింది.

వేగంలో రష్యాదే పైచేయి. నా మనసు మాత్రం ఆ వానలో నడిచినవాళ్ల వైపే.