ఆస్పెన్ ఆకుల ఫోటోలకు పోలరైజర్ ఫిల్టర్: తప్పకుండా కొనండి, కానీ పూర్తిగా తిప్పకండి

అమెరికాలోని కొలరాడో కొండలకు ఆస్పెన్ చెట్ల (తెల్లటి కాండంతో, ఆకురాలే ముందు పసుపుగా మారే చెట్లు) ఫోటోలు తీయడానికి వెళ్తున్నాం, ఏ ఫిల్టర్ కొనాలి అని ఎవరు అడిగినా నేను సర్క్యులర్ పోలరైజర్ (లెన్స్ ముందు బిగించి, తిప్పుతూ మెరుపుని తగ్గించుకునే గాజు) ఒక్కటే చెప్తాను. మిగతా ఫిల్టర్లు చేసే పని చాలావరకు తర్వాత కంప్యూటర్లో చేసుకోవచ్చు, దీని పని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ సరిగ్గా చేయలేదు. నేను వాడేది 77 ఎంఎం సైజు, సన్నటి ఫ్రేమ్, లెన్స్‌కి స్క్రూలా బిగించే మామూలు రకం.

చాలామంది దీన్ని ఆకాశం బాగా నీలంగా రావడానికి కొంటారు. ఆస్పెన్ల దగ్గర దీని అసలు ఉపయోగం ఆకుల మీద. సెప్టెంబర్ చివర్లో ఆకులోని పచ్చదనం విరిగిపోయి, అప్పటిదాకా దాని కింద దాగున్న పసుపు బయటపడుతుంది కదా, ఆ ఆకు పైపొర నున్నగా ఉంటుంది కాబట్టి ఆకాశం వెలుతురు దాని మీద పడి తెల్లగా మెరుస్తుంది, అక్కడ నిలబడి చూస్తున్నప్పుడు మనం పెద్దగా పట్టించుకోం గానీ ఫోటోలో చూస్తే పసుపంతా వెలిసిపోయి ఉంటుంది. పోలరైజర్ తిప్పుతుంటే ఆ తెల్లటి మెరుపు తగ్గి లోపలి రంగు పైకి రావడం వ్యూఫైండర్‌లోనే కనిపిస్తుంది. వాన పడి ఆగాక, ఇంకా మబ్బుగానే ఉన్నప్పుడు, తోపు లోపల నిలబడి తిప్పి చూడండి. తడిసిన ఆకుల మీద, కింద రాలి పరుచుకున్న వాటి మీద తేడా అన్నిటికంటే ఎక్కువ కనిపించేది అప్పుడే. ఈ ఒక్క పని కోసమైనా దీనికి పెట్టిన డబ్బు దండగ కాదు.

ఇక ఆకాశం విషయం. క్రెస్టెడ్ బ్యూట్ ఊరి దగ్గర కెబ్లర్ పాస్ అనే కనుమ ఎత్తు సుమారు 10,000 అడుగులు. అంత ఎత్తులో గాలి పలచగా ఉంటుంది, ఆకాశం మామూలుగానే ముదురు నీలంగా ఉంటుంది. అక్కడ ఫిల్టర్‌ని చివరిదాకా తిప్పితే ఆకాశం మసి పూసినట్టు తయారవుతుంది, ఎంత మంచి తోపు ఉన్నా ఆ ఫోటో నాకు అబద్ధంలా అనిపిస్తుంది. సూర్యుడు మన పక్కకి, అంటే 90 డిగ్రీల్లో ఉన్నప్పుడు దీని ప్రభావం ఎక్కువ కాబట్టి, 16 ఎంఎం లాంటి, చాలా వెడల్పు దృశ్యం పట్టే వైడ్ లెన్స్ పెడితే ఆకాశం ఒక పక్క లేతగా, ఒక పక్క ముదురుగా వచ్చి మధ్యలో పట్టీ పడుతుంది. అందుకే ఆకాశం ఫ్రేమ్‌లో ఉంటే సగం దాకా తిప్పి ఆపేస్తాను, లేదా ఆకాశమే లేకుండా ఫ్రేమ్ పెట్టుకుంటాను. ఈ రెండోదే నాకు ఎక్కువ ఇష్టం, ఎందుకంటే ఆస్పెన్లకి టెలి లెన్స్ (దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపేది) చాలా బాగా నప్పుతుంది. ఒక్కో గుంపులో ఒకే వేరు నుంచి వందల కాండాలు మొలుస్తాయి, అవన్నీ దాదాపు ఒకేసారి రంగు మారతాయి (యూటాలో ఉన్న పాండో అనే తోపు అయితే 106 ఎకరాల్లో సుమారు 47,000 కాండాలతో ఉన్న ఒకే ప్రాణి!), కాబట్టి ఒకే వాలు మీద ఒక గుంపు పసుపు, పక్క గుంపు ఇంకా పచ్చ, ఇంకోటి నారింజ. రిడ్జ్‌వే దాటాక డాలస్ డివైడ్ నుంచి స్నెఫెల్స్ పర్వతం వైపు చూస్తూ టెలి లెన్స్‌తో తీసేటప్పుడు, పోలరైజర్ దూరపు పొగమంచు లాంటి తెలుపుని కొంత కోసేసి ఈ గుంపుల్ని విడివిడిగా చూపిస్తుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. మొదటిది వెలుతురు: ఒకటి నుంచి రెండు స్టాపుల దాకా (ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది) మింగేస్తుంది. ఆస్పెన్ ఆకు కాడ గుండ్రంగా కాకుండా చదునుగా ఉంటుంది, అందుకే కాస్త గాలికే ఆకు అల్లాడిపోతుంది. 1/250 సెకను షట్టర్ వేగం కావాల్సిన చోట ఈ ఫిల్టర్ వల్ల 1/60కి పడిపోతే ట్రైపాడ్ ఉన్నా లాభం లేదు, ఆకులే కదులుతుంటాయి కదా. ఐఎస్‌ఓ (కెమెరా వెలుతురుని ఎంత పెంచి చూపాలో చెప్పే సెట్టింగ్) మొహమాటం లేకుండా పెంచేయండి. రెండోది, రంగు చిక్కబడేసరికి పసుపులో రెడ్ చానల్ (ఫోటోలోని ఎరుపు భాగం) ముందే నిండిపోతుంది, మామూలు హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుతురు ఎంతుందో చూపే గ్రాఫ్) బాగానే ఉందని చూపిస్తుంది, అందుకే మూడు రంగుల హిస్టోగ్రామ్ చూసుకోవాలి. మూడోది చలి. పొద్దున్నే ఆ ఎత్తులో గ్లవ్స్ వేసుకుని సన్నటి ఫ్రేమ్‌ని తిప్పడం, తీయడం చిరాకు, బిగుసుకుపోయిందంటే ఇంక చెప్పక్కర్లేదు. అయస్కాంతంతో అతుక్కునే రకం ఈ విషయంలో చాలా నయం, మళ్ళీ కొంటే నేను అదే కొంటాను.

మరీ చవక ఫిల్టర్ కొనకండి. ఇంతకుముందు నా దగ్గరున్న ఒకదానికి లేత పసుపు ఛాయ ఉండేది, ఆకులకి అందంగానే ఉండేది గానీ తెల్లటి కాండాలు పాత కాగితం రంగులో వచ్చేవి. ఆస్పెన్ ఫోటోకి ఆ తెలుపు, దాని మీద నల్లటి కళ్ళలాంటి మచ్చలు ప్రాణం. రంగు ఛాయ లేనిదేనా అని కొనేముందు తెల్లకాగితం మీద పెట్టి చూడండి.

మరూన్ బెల్స్ శిఖరాల దగ్గర మరూన్ లేక్‌కి వెళ్ళేవాళ్ళకి ఒక మాట. పగటిపూట సొంత కార్లని చాలావరకు వెళ్ళనివ్వరు, షటిల్ బస్సుకి ముందే రిజర్వేషన్ చేసుకోవాలి. అంత కష్టపడి వెళ్ళి అక్కడ ఫిల్టర్ పూర్తిగా తిప్పితే నీళ్ళలోని శిఖరాల ప్రతిబింబం పలచబడిపోతుంది. ప్రతిబింబం నిండుగా కనిపించేదాకా మెల్లగా వెనక్కి తిప్పండి.

సూర్యుడు చెట్ల వెనకాల ఉన్నప్పుడు మాత్రం దీన్ని తీసి బ్యాగ్‌లో పెట్టేయండి. అప్పుడు వెలుతురు ఆకు గుండా వస్తుంది, కోసెయ్యడానికి మెరుపేమీ ఉండదు, ఇంకో గాజు ముక్క ఉన్నందుకు ఫ్లేర్ (ఎదురు వెలుతురు వల్ల ఫోటోలో పడే మసక) మాత్రం పెరుగుతుంది. సైజు విషయానికొస్తే, మీ దగ్గరున్న లెన్సుల్లో అన్నిటికంటే పెద్దదానికి సరిపోయేది ఒక్కటి కొని, మిగతావాటికి స్టెప్-అప్ రింగులు (చిన్న లెన్స్‌కి పెద్ద ఫిల్టర్ బిగించేవి) వాడుకుంటే డబ్బు మిగులుతుంది. రింగు వేస్తే హుడ్ (లెన్స్‌కి ఎండ తగలకుండా పెట్టే తొడుగు) పట్టదు, పక్క నుంచి ఎండ కొడుతుంటే టోపీ అడ్డం పెట్టుకోవాల్సిందే.