ఫీడర్ కంటే మూకుడే నయం: మూడు చలికాలాల వాడకం

హైదరాబాద్ అల్వాల్‌లో మాది చిన్న ఇల్లు. ముందు ఓ జామచెట్టు, గోడవారన మందార. మూడేళ్ల క్రితం దసరా ఆఫర్లలో 600 పెట్టి పక్షుల ఫీడర్ కొన్నాను. నిలువు ప్లాస్టిక్ గొట్టం, నాలుగు కన్నాలు, కింద పళ్లెం. కంపెనీ పేరెందుకులెండి.

మొదటి వారం పిచ్చుకలు వచ్చాయి. రెండో వారానికి పావురాలకు కబురందింది. పళ్లెం మీద ఒకటి వాలితే చాలు, గొట్టమంతా ఊగి సజ్జలు సగం నేలపాలు. అక్టోబరు ఆఖరి వానకి లోపలికి నీళ్లు దిగాయి. పైన సజ్జలు మొలకెత్తాయి, అడుగున బూజు పట్టి ముద్ద కట్టాయి. బూజు గింజలు పిట్టలకు పెట్టకూడదు. కడుగుదామంటే అడుగు మూత ఊడి రాదు! రెండో ఏడు ఉడుత ఒక కన్నాన్ని కొరికి రెండింతలు చేసింది.

నీళ్లకని పక్కనే పెట్టిన మట్టి మూకుడు మాత్రం బంగారం. రోడ్డు పక్కన కుండలమ్మే ఆవిడ దగ్గర 80 రూపాయలు. లోతు రెండు వేళ్లే. మధ్యలో ఓ గరుకు రాయి పెట్టాను, పిచ్చుక దాని మీద వాలి వంగి తాగుతుంది. నీళ్లు ఎండాకాలంలోనే పెట్టాలనుకుంటాం గానీ, మన దగ్గర చలికాలంలో వానలుండవు, గుంటలు ఎండిపోతాయి. పొద్దున్నే మనం దుప్పటి వదలం. పికిలిపిట్టల జంట మాత్రం మూకుట్లో దిగి, రెక్కలు టపటపలాడించి, సగం నీళ్లు చిమ్మేసి పోతుంది. నీళ్లు రోజూ మార్చాలి, లేకపోతే దోమలు. రెండ్రోజులకోసారి కొబ్బరిపీచుతో రుద్దితే పాచి పట్టదు.

గత నవంబరులో ఇటుకరంగు తోకను వణికిస్తూ ఓ నల్లపిట్ట వచ్చింది. బ్లాక్ రెడ్‌స్టార్ట్ అట, హిమాలయాల వైపు నుంచి చలికాలానికి దిగి వస్తుంది. గింజల వైపు కన్నెత్తి చూడలేదు, దానికి పురుగులు కావాలి. అప్పటి నుంచి జామ కింద రాలిన ఆకులు ఊడవడం మానేశాం. మా అత్తయ్యకి ఇది సుతరామూ నచ్చదు.

గింజలకు ఇప్పుడు వరి కంకుల కుచ్చే. వానాకాలం కోతలయ్యాక చిన్నమ్మ మిర్యాలగూడ నుంచి పంపుతుంది, వరండాలో కడతాను. పిచ్చుక వేలాడుతూ ఒక్కో గింజా ఒలుచుకు తింటుంది. పావురానికి ఆ విద్య రాదు. సంక్రాంతికి చెట్టుకు చిక్కిన మాంజా ముక్కలు తీసెయ్యడం మర్చిపోకండి, రెక్కలు కోసుకుపోతాయి.

ఫీడర్‌కి ఐదుకి ఒకటిన్నర. మూకుడికి నాలుగున్నర. ఆ అర ఎందుకు తగ్గించానంటే, మొదటిదాన్ని పిల్లి గోడ మీంచి తోసేసింది.