కొలంబస్‌లో కాపురమా, ఇండియానాపోలిస్‌లోనా: ఏది మేలు?

అమెరికా మధ్యపశ్చిమంలో, ఐ-70 రహదారి మీద మూడు గంటల లోపు ప్రయాణ దూరంలో ఉన్న కొలంబస్, ఇండియానాపోలిస్ నగరాలు రెండింటిలోనూ ఉద్యోగావకాశం వచ్చిన తెలుగు కుటుంబాలు మొట్టమొదట పోల్చి చూసేది అపార్ట్‌మెంట్ అద్దెలనే. ఆ పోలిక వల్ల తేలేది తక్కువ. అద్దెలో గాని, సోనామసూరి బస్తా ధరలో గాని చెప్పుకోదగ్గ తేడా కనిపించదు. రెండు చోట్లా ఇంటికి రెండు కార్లు లేనిదే రోజు గడవదు. అసలు తేడా పన్ను దేని మీద, ఏ ఊరి లెక్కన పడుతుందనే దాంట్లో ఉంది. ఆఫర్ లెటర్‌లో ఆ సంగతి ఉండదు.

ఒహాయోలో రాష్ట్ర ఆదాయపు పన్నుకు తోడు నగరపు పన్ను కూడా ఉంటుంది. కొలంబస్‌లో అది 2.5 శాతం, పైగా ముందు చూసేది కాపురముండే ఊరిని కాదు, పనిచేసే ఊరిని. నగర హోదా లేని టౌన్‌షిప్‌లకు ఆదాయపు పన్ను వేసే అధికారం లేదు కనుక కొలంబస్ శివారులోని లూయిస్ సెంటర్ వైపు ఇల్లు తీసుకుంటే ఆ బాధ తప్పుతుందని చాలామంది అనుకుంటారు గాని, ఆఫీసు కొలంబస్ డౌన్‌టౌన్‌లో ఉన్నంతకాలం అక్కడికి వెళ్లి పనిచేసిన రోజుల జీతం మీద ఆ కోత పడక తప్పదు. ఇండియానాలో పద్ధతి వేరు: జనవరి 1న ఏ కౌంటీలో నివాసముంటే ఆ కౌంటీ పన్నే ఆ ఏడాదంతా వర్తిస్తుంది. ఇండియానాపోలిస్ నగరమున్న మారియన్ కౌంటీలో అది 2.02 శాతం కాగా, శివారు పట్టణాలైన కార్మెల్, ఫిషర్స్ ఉన్న హామిల్టన్ కౌంటీలో 1.1 శాతం.

ఏడాదికి 1,20,000 డాలర్ల జీతాన్ని మినహాయింపులు పక్కనపెట్టి 2025 రేట్లతో లెక్క వేస్తే, కొలంబస్‌లో రాష్ట్రానికీ నగరానికీ కలిపి దాదాపు 6,020 డాలర్లు, మారియన్ కౌంటీలోనూ ఇంచుమించు అంతే, హామిల్టన్‌లో మాత్రం 4,920 డాలర్లు పోతాయి. నగరంలోనే ఉండేవారికి ఆదాయపు పన్ను విషయంలో రెండు ఊళ్లూ ఒకటేనని ఈ లెక్క తేల్చింది. ఇది నేనూ ఊహించలేదు.

సొంత ఇల్లు కొన్నాక మాత్రం కథ మారుతుంది. సొంతానికి ఉండే ఇంటి మీద ఆస్తి పన్ను ఇంటి విలువలో 1 శాతానికి మించరాదని ఇండియానా 2010లో తన రాజ్యాంగంలోనే రాసుకుంది. బడుల కోసం ఓటర్లు ఆమోదించిన అదనపు పన్ను ఈ పరిమితిలోకి రాదు, అద్దెకిచ్చిన ఇంటికి పరిమితి 2 శాతం. ఒహాయోలో సొంత ఇళ్లకు ఇలాంటి పరిమితి లేదు. కొలంబస్ చుట్టుపక్కల మంచి బడులున్న శివార్లలో పన్ను 2 శాతం దగ్గర తచ్చాడుతుంది. అంటే 4 లక్షల డాలర్ల ఇంటికి ఏడాదికి కొలంబస్ వైపు 8,000, ఇండియానాలో 4,000. నెలకు చూస్తే 330 డాలర్ల పైచిలుకు తేడా. పైగా ఒహాయోలో ఆరేళ్లకోసారి ఇళ్ల విలువను పూర్తిగా తిరగ కడతారు. 2023లో కొలంబస్ ఉన్న ఫ్రాంక్లిన్ కౌంటీలో అలా కట్టినప్పుడు నివాస గృహాల విలువ సగటున 41 శాతం పెరిగింది. పన్ను అదే నిష్పత్తిలో పెరగదు గాని, మార్ట్‌గేజ్ కంపెనీ నుంచి ఎస్క్రోలో (పన్ను, బీమాల కోసం నెలనెలా వాయిదాతో పాటు జమ చేయించుకునే ఖాతాలో) డబ్బు చాలలేదని ఉత్తరం వచ్చినప్పుడు ఆ వివరణ పెద్దగా ఊరటనివ్వదు. ఇండియానాలోనూ ఒక జాగ్రత్త అవసరం. ఇల్లు చేతికొచ్చే క్లోజింగ్ రోజు సంతకాల కట్టలో హోమ్‌స్టెడ్ దరఖాస్తు (ఇది సొంతానికి ఉండే ఇల్లని 1 శాతం పరిమితి కోసం పెట్టుకునేది) ఉందో లేదో చూసుకోని మిత్రుడొకరు మరుసటి బిల్లు 2 శాతం లెక్కన చూసి బిత్తరపోయారు.

చిల్లర లెక్కలూ కొన్ని ఉన్నాయి. సేల్స్ టాక్స్ ఇండియానా అంతటా 7 శాతం, ఫ్రాంక్లిన్ కౌంటీలో 2025 ఏప్రిల్ నుంచి 8 శాతం; ఇంటికి తెచ్చుకునే పచారీ సరుకులకు రెండు చోట్లా మినహాయింపు ఉంది. ఇండియానాలో కొత్త కారు కొంటే దాని ధరను, వయసును బట్టి ఏటా ఎక్సైజ్ పన్ను కట్టాలి, ఒహాయోలో అది లేదు. ఒహాయోలో కరెంటు, గ్యాస్ అమ్మే కంపెనీని ఎంచుకునే వీలుంది. ఆ వీలు వల్ల లాభపడ్డవారి కన్నా తలుపు తట్టి బిల్లు చూపించమనే కుర్రాళ్లతో విసిగిపోయినవారే నాకు ఎక్కువగా తెలుసు.

పిల్లలు హైస్కూలుకు వచ్చిన ఇళ్లలో మరో అంకె కూడా చూడాలి. పర్డ్యూ విశ్వవిద్యాలయం ఇండియానా వాసుల ట్యూషన్‌ను 2013 నుంచి పెంచకుండా 10,000 డాలర్ల లోపే నిలిపింది.

అందువల్ల రెండు మూడేళ్లు అద్దెకుండి గ్రీన్‌కార్డు సంగతి చూద్దామనుకునేవారు ఉద్యోగం ఎక్కడ మెరుగైతే అక్కడికే వెళ్లవచ్చు, ఖర్చు అడ్డు కాదు. ఇల్లు కొని పదేళ్లు ఉండదలచినవారికి నా లెక్కలో హామిల్టన్ కౌంటీయే మేలు. కొలంబస్ నుంచి అలా మారేవారు ట్రక్కు ఎప్పుడు మాట్లాడుకోవాలో కాస్త ఆలోచించాలి: జనవరి 1న ఇండియానాలో నివాసం గాని ఉద్యోగం గాని లేనివారికి ఆ ఏడాది కౌంటీ పన్ను పడదు, డిసెంబరు 31న సామాను దించుకుంటే ఏడాది పొడవునా పడుతుంది.