చుక్కల స్టోన్‌వేర్ మట్టితో నాలుగేళ్లు

హైదరాబాదులో మా డాబా మీది చిన్న గదిలో నాలుగేళ్లుగా చుక్కల స్టోన్‌వేర్ మట్టితోనే (ఎక్కువ వేడికి కాలి రాయిలా గట్టిపడే, పైన నల్లచుక్కలు తేలే మట్టి) కప్పులు, గిన్నెలు, పళ్లేలు చేస్తున్నాను. ఇప్పటికి 200 కిలోలకు పైగా నా చేతుల మీదుగా వెళ్లింది. ఈ మట్టి కొనవచ్చా అని అడిగేవారికి నేను ముందుగా చెప్పేది ఒకటే: సంచిలోని మట్టిని చూసి నిర్ణయించుకోకండి, మీరు వాడే గ్లేజు (కాల్పులో కరిగి గాజులా అంటుకునే పూత) పూసి, మీరు కాల్చే బట్టీలోనే కాల్చిన ముక్కను చూసి నిర్ణయించుకోండి.

సంచి విప్పితే కనిపించేది లేత గోధుమరంగు బంకమట్టే. వేళ్ల మధ్య నలిపితే ఆవగింజ కంటే ఎంతో చిన్నవైన నల్లటి రేణువులు గరగరమని తగులుతాయి. చాలా రకాల్లో అవి మాంగనీస్ డయాక్సైడ్ రేణువులు, కొన్నింటిలో ఇల్మనైట్ అనే ఇనుము, టైటానియం ఉన్న ఖనిజం. సుమారు 1000 డిగ్రీల తొలి కాల్పు అయ్యాక కూడా పాత్ర మీద పెద్ద విశేషమేమీ కనిపించదు. రెండో కాల్పులో వేడి 1220, 1240 డిగ్రీల మధ్యకు, అంటే కోన్ 6 దాకా (కోన్ అంటే బట్టీలో పెట్టే చిన్న శంకువు; తగినంత వేడి తగిలితే ఒరుగుతుంది, దాని అంకె ఆ వేడి స్థాయిని చెబుతుంది) వెళ్లినప్పుడు, గ్లేజుతో పాటు ఆ రేణువులూ కరిగి పైకి ఊరి, పిట్టగుడ్డు మీది మచ్చల్లా తేలతాయి. గ్యాసు బట్టీలో గాలి తగ్గించి కాల్చేవారికి మట్టిలో సహజంగా ఉన్న ఇనుప ఖనిజమే ఇలాంటి చుక్కలు వేస్తుంది. నావంటివారు వాడే కరెంటు బట్టీలో అది జరగదు కనుకనే రేణువులు కలిపిన మట్టి కొనవలసి వస్తుంది.

చుక్కలు ఎలా వస్తాయన్నది మట్టి మీద ఎంత ఆధారపడుతుందో గ్లేజు మందం మీదా అంతే ఆధారపడుతుంది. నా దగ్గర దాచుకున్న కప్పు ఒకటి ఉంది. దానిని తెల్ల గ్లేజులో మూడు లెక్కపెట్టేంతసేపు ముంచి తీసి, మూతి దగ్గర పలుచగా ఉందనిపించి అక్కడి వరకు మరోసారి ముంచాను. కాలి వచ్చాక చూస్తే నడుము భాగంలో చుక్కలు ఒక్కొక్కటీ గోధుమరంగు అంచుతో విడివిడిగా ఉన్నాయి. రెండుసార్లు మునిగిన మూతి మాత్రం పాలమీగడలా మందంగా, మచ్చ లేకుండా తెల్లగా ఉంది. ముదురు నీలం, నలుపు గ్లేజుల కింద ఈ మట్టి వాడటం డబ్బు దండగ. వాటికి చుక్కలు లేని మట్టే చాలు, ధరా తక్కువ.

సారె మీద ఇది మంచి మట్టి. గోడలు నిలబడతాయి, కొత్తగా నేర్చుకునేవారు తీసిన పొడవాటి గ్లాసులు కూడా త్వరగా కుంగిపోవు. అయితే అడుగు చెక్కేటప్పుడు ఒక్కో రేణువు కత్తి కింద ఇరుక్కుని చుట్టూ గీత లాగుతుంది. చెక్కడం అయిన వెంటనే లోహపు రేకుతో నొక్కి రుద్దకపోతే ఆ గీతలు గ్లేజు కింద కూడా తెలుస్తాయి. నేను వాడే రకం పచ్చి నుంచి పూర్తిగా కాలేసరికి సుమారు 12 శాతం కుంచించుకుంటుంది. 10 సెంటీమీటర్ల మూతి 8.8కి వస్తుంది. మూత, పాత్ర ఒకే రోజు, ఒకే ముద్దలోంచి చేసుకోవడం అందుకే.

మన ఊరి ఎండాకాలం దీనికి పరీక్ష. ఏప్రిల్, మే నెలల్లో కప్పుకు అతికించిన పిడి కప్పు కంటే ముందే ఆరిపోయి, అతుకు దగ్గర వెంట్రుకవాసి పగులు ఇస్తుంది. పిడికి తడిగుడ్డ చుట్టి, మొత్తం మీద పాలిథీన్ కవరు కప్పి, రెండు రోజులు ఉంచితే ఈ బాధ తప్పుతుంది. వానాకాలంలో ఇబ్బంది ఇంకొకటి: ఆరిందనుకున్న పాత్ర ఆరి ఉండదు, తొందరపడి కాలిస్తే పేలుతుంది. చెంపకు ఆనించి చూస్తే చల్లగా తగిలినంతవరకు దానిని బట్టీలో పెట్టను.

రెండో ఏడు ఒక పెద్ద నష్టం జరిగింది. అద్దెకు తీసుకున్న ఒక బట్టీలో 14 పళ్లేలు పెడితే 11 పళ్లేలు వేడి నూనె చింది బొబ్బలెక్కిన చర్మంలా తిరిగి వచ్చాయి. మీటరు సరైన అంకే చూపించింది కానీ, అరలో పెట్టిన కోన్ పూర్తిగా ఒరిగి కరిగిపోయి ఉంది. వేడి మితిమీరితే ఈ మట్టి లోపల వాయువు చిక్కుకుని ఉబ్బుతుంది. మాంగనీసు ఉన్నచోట ఆ ఉబ్బు మరింత తొందరగా వస్తుంది. అప్పటి నుంచి ప్రతి అరలో ఒక కోన్ పెడుతున్నాను, తొలి కాల్పును కూడా నెమ్మదిగా నడుపుతున్నాను.

తక్కువ కాలిన మట్టి నీళ్లు పీల్చుకుంటుంది, ఆ నష్టం కంటికి కనిపించదు, కనుక తూకం వేయాలి. గ్లేజు వేయకుండా కాల్చిన ముక్కను తూచి, రెండు గంటలు నీళ్లలో మరిగించి, రాత్రంతా నీళ్లలోనే ఉంచి, తుడిచి మళ్లీ తూస్తాను. 100 గ్రాముల ముక్క 101 గ్రాములు తూగితే నిశ్చింత. ఒక సంచిలోని ముక్క 104 తూగింది. ఆ మట్టితో చేసిన గిన్నెలో ఆవకాయ వేస్తే వారం తిరక్కుండానే అడుగున బల్ల మీద నూనె వలయం పడింది. మన పెద్దల ఆవకాయ జాడీ కూడా స్టోన్‌వేరే, అది నూనె కార్చదంటే బాగా కాలడం వల్లే. పుల్లటివి పెట్టే పాత్రల లోపల బాగా కరిగిన గ్లేజు తప్పనిసరి. గ్లేజు మీద నిమ్మచెక్క రాత్రంతా ఉంచి, పొద్దున్న రంగు, మెరుపు మారలేదని చూసుకున్నాకే వంటింటికి ఇస్తాను.

ఆరిన పాత్రను ఉప్పుకాగితంతో రుద్దవద్దని గట్టిగా చెబుతున్నాను. ఆ దుమ్ములో సిలికా, మాంగనీసు రెండూ ఉంటాయి, రెండూ ఊపిరితిత్తుల్లోకి వెళ్లకూడనివే. నునుపు చేయడానికి తడి స్పాంజి, గది తుడవడానికి తడిగుడ్డ వాడాలి. బట్టీ నడుస్తున్నంతసేపు కిటికీలు తెరచి మనం బయట ఉండాలి. ఈ మట్టికి స్పాంజి, బకెట్టు కూడా వేరుగా ఉంచుకోండి. ఒక్క రేణువు తెల్ల పోర్సిలిన్ (పింగాణీ) మట్టిలోకి పోయినా నల్లమచ్చ అవుతుంది.

నా ఫిర్యాదల్లా ఒకటే: ఒకే పేరుతో, ఒకే చోటు నుంచి తెప్పించిన సంచుల్లోనే చుక్కలు ఒకసారి దట్టంగా, మరోసారి పలుచగా వచ్చాయి. ఆరు కప్పుల జత కావాలని ఎవరైనా అడిగితే ఆరూ ఒకే సంచిలోంచి తీస్తాను, పగిలితే బదులు ఇవ్వడానికి ఇంకో రెండు అదనంగా చేసి ఉంచుతాను.